మాటల్లేని క్రిస్మస్ పాటల బటన్ పుస్తకం, మా పర్లాకిమిడి ఇంట్లో ఎలా పనికొచ్చిందంటే

చిన్నపిల్లలతో క్రిస్మస్ పాటలు పాడించడానికి ఏదైనా కొందామనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను ఇది. ముఖ్యంగా ఒడిశాలో మా గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం వైపు ఉండే తెలుగువాళ్ళకి. మన ఇళ్ళు వేరు కదా, ఇంట్లో తెలుగు, వీధిలోకెళ్తే ఒడియా, బళ్ళో ఇంగ్లీషు, చర్చిలో పక్కన కూర్చున్నాయన సవరలో ప్రార్థన చేసుకుంటూ ఉంటాడు, పిల్లలు ఇవన్నీ కలిపేసి మాట్లాడేస్తారు. అలాంటి ఇంటికి ఏ పాటల బొమ్మ పనికొస్తుంది అన్నదే నా రివ్యూ.

వస్తువేంటంటే బటన్ నొక్కితే పాట వచ్చే అట్టల పుస్తకం. పేజీలు గట్టి అట్ట, మా చిన్నది కొరికినా చింపలేకపోయింది. కుడిపక్కన ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఆరు బటన్లు, ఒక్కో బటన్‌కి ఒక్కో పాట, ఒక్కో పాటకి ఒక్కో బొమ్మ పేజీ. వెల నాలుగొందల లోపే. కంపెనీ పేరు చెప్పట్లేదు, ఒకే సరుకు రకరకాల పేర్లతో షాపుల్లో కనిపిస్తోంది, లోపల పాటలు కూడా ఇంచుమించు అవే ఉంటున్నాయి కాబట్టి పేరు కన్నా ఏం చూసి కొనాలో చెప్తే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందే చెప్పేస్తాను, కొనండి. ఇలాంటి పుస్తకాల మీద జనం పెట్టే పెద్ద కంప్లైంట్ ఏంటంటే ఇందులో పాడే గొంతు లేదు, మాటలు లేవు, ఒట్టి ట్యూనే వస్తోంది అని. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చింది ఆ ఒట్టి ట్యూనే. ఫోన్‌లో వీడియో పెడితే మాటలు అందులోనే ఉంటాయి, గొంతు అందులోనే ఉంటుంది, ఇంక పిల్లలు చేయాల్సిందేమీ మిగల్దు, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోతారు. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట కన్నా ఎక్కువ స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఆ గంట కూడా పాటలకి ఎందుకు ఖర్చు పెట్టాలి అనిపిస్తుంది నాకు. ఈ పుస్తకం ట్యూన్ ఇచ్చి ఊరుకుంటుంది, మాటలు ఇంట్లోవాళ్ళే పెట్టుకోవాలి, పాడకపోతే మజా లేదు, అందుకని తప్పకుండా ఎవరో ఒకరు పాడతారు.

సైలెంట్ నైట్ బటన్ నొక్కినప్పుడు మా ఇంట్లో ఏమవుతుందో చెప్తాను. మా అత్తగారు వంటింట్లోంచే తెలుగులో శుద్ధరాత్రి అని అందుకుంటారు, కీర్తనల పుస్తకం తెరవక్కర్లేదు ఆవిడకి. మా పెద్దాడు బళ్ళో నేర్పిన ఇంగ్లీషు మొదటి లైను పాడతాడు, రెండో లైను రాక హమ్ చేస్తాడు. పక్కింటి మాఉసీ, అంటే పిన్ని, గోడ మీంచి ఒడియాలో కలుస్తుంది. సెరంగో వైపు నుంచి వచ్చి మా వీధిలో అద్దెకుంటున్న నర్సింగ్ చదివే అమ్మాయి ఒకరోజు సాయంత్రం వచ్చి సవరలో పాడింది, పిల్లలు ఆ రోజు నుంచి ఆ అమ్మాయి కనపడితే చాలు పుస్తకం పట్టుకుని పరిగెడుతున్నారు. ఒకటే బటన్, ఒకటే ట్యూన్, ఎవరి మాటలు వాళ్ళవి. పుస్తకంలో ఇంగ్లీషు గొంతు రికార్డయ్యి ఉంటే ఇది జరిగేదే కాదు, అందరం ఆ గొంతు వెనకాల పడేవాళ్ళం లేదా ఊరుకునేవాళ్ళం.

అసలు ఆ పాట పుట్టుక కూడా ఇలాంటి చిన్న ఏర్పాటులోనే. ఆస్ట్రియాలో ఒబెర్న్‌డార్ఫ్ అనే ఊళ్ళో 1818 డిసెంబర్ 24న మొదటిసారి పాడారు, మాటలు జోసఫ్ మోర్ అనే పాదిరీ గారివి, ట్యూన్ ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు గారిది, వాయిద్యం అంటే ఒక్క గిటారే. ఇప్పుడు మూడొందల పైచిలుకు భాషల్లో ఉంది అంటారు. ఆర్కెస్ట్రా అక్కర్లేని పాట కాబట్టే పీలగా పలికే ఈ బుల్లి స్పీకర్లో కూడా పాట చెడిపోలేదు.

కానీ పిల్లల చేత పాడించడానికి ఆరింటిలో కష్టమైంది కూడా ఇదే. ఎందుకంటే కింది స్వరం నుంచి పై స్వరం దాకా చాలా దూరం ఉంటుంది, చివర్లో ట్యూన్ ఒక్కసారి పైకెళ్తుంది, అక్కడ పెద్దవాళ్ళకే గొంతు చాలదు. మూడు నాలుగేళ్ళ పిల్లలకి హాయిగా పలికేవి అయిదారు స్వరాలే. అందుకని దీన్ని పాడించే పాటగా కాకుండా ఊపే పాటగా వాడండి. దీని తాళంలోనే ఊగుడు ఉంది, చిన్నదాన్ని చీర ఉయ్యాల్లో వేసి ట్యూన్‌కి తగ్గట్టు ఊపితే అదే సరిపోతుంది, పైకెళ్ళే చోట మేం పాడతాం, అది కళ్ళు మూస్తుంది.

పిల్లలు మొదట పట్టుకునేది జింగిల్ బెల్సే, ఇది ఎవరింట్లో అయినా అంతే. కారణం ఉంది దానికి. ఆ బెల్స్ బెల్స్ అని వచ్చే పల్లవి మొత్తం స రి గ మ ప అయిదు స్వరాల్లోనే తిరుగుతుంది, పిల్లల గొంతుకి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. మా చిన్నదానికి ఇంకా రెండున్నరేళ్ళు నిండలేదు, అయినా ఆ మొదటి మూడు దెబ్బలూ కరెక్టుగా వేస్తుంది. కాళ్ళకి మువ్వల గజ్జెలు కట్టీసి నడిపించండి ఈ పాటకి, బటన్ అయిపోగానే మా చిన్నది "ఆఉ థరే, ఆఉ థరే" అని ఒడియాలో అడుగుతుంది మళ్ళీ పెట్టమని, మాఉసీ దగ్గర నేర్చుకున్న మాట.

మా అత్తగారికి ఈ పాట మీద కొంచెం అభ్యంతరం. యేసు పేరు లేదు, క్రిస్మస్ అన్న మాటే లేదు, ఇదేం క్రిస్మస్ పాట అంటారు. ఆవిడ అన్నది నిజమే, జేమ్స్ పియర్‌పాంట్ అనే అమెరికా ఆయన 1857లో అచ్చువేయించిన ఈ పాటలో ఉన్నదంతా మంచు మీద జారే గుర్రబ్బండి షికారు. నేనేమంటానంటే పిల్లలకి సంతోషంగా గొంతెత్తడం అలవాటు చేయడానికి ఇది ఉండనివ్వండి, కానీ దీని ఒక్కదానితో ఆపేయకండి. మా పెద్దాడికి ఈ పాట మీద ఇంకో మోజు కూడా ఉంది, 1965 డిసెంబర్ 16న జెమినై 6 వ్యోమనౌకలో వాల్టర్ షిర్రా మౌతార్గాన్ మీద, థామస్ స్టాఫర్డ్ చిన్న గంటలతో ఈ పాటే వాయించారు, అంతరిక్షంలో వాయిద్యాలు మోగడం అదే మొదలు. అది చెప్పినప్పటి నుంచి వాడు పుస్తకాన్ని నెత్తి మీద పెట్టుకుని రాకెట్‌లో వాయిస్తున్నా అంటాడు.

ఇందులో ట్యూన్ స్పీడ్ మాత్రం నాకు నచ్చలేదు. పిల్లలు పాడే దాని కన్నా బాగా ఎక్కువ స్పీడులో పరిగెడుతుంది, మాట నోట్లోంచి వచ్చేలోపు పాట దాటిపోతుంది, తగ్గించడానికి బటన్ లేదు. నేను చేసేదేంటంటే ముందు పుస్తకం మూసేసి చప్పట్లతో నెమ్మదిగా పాడిస్తాను, నోటికొచ్చాక అప్పుడు బటన్ నొక్కిస్తాను, అప్పుడు ఆ స్పీడు వాళ్ళకి పరుగుపందెంలాగ ఉంటుంది, కిందపడి నవ్వుకుంటారు.

జాయ్ టు ది వరల్డ్ పేజీ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సంగీతం తెలిసిన ఇంట్లో అయినా తెలియని ఇంట్లో అయినా దీంతో ఆడుకోవడానికి బోలెడు ఉంది. మొదటి లైను వినండి ఒకసారి, పై స నుంచి కింది స దాకా స ని ద ప మ గ రి స, వరసగా ఒక్క స్వరం కూడా వదలకుండా దిగుతుంది, మన లెక్కలో శంకరాభరణం అవరోహణ అన్నమాట. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలుంటే వాళ్ళకి ఇది చెప్పి చూడండి, మొహాలు వెలిగిపోతాయి. మా డాబా మెట్ల మీద ఎనిమిదో మెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కో స్వరానికి ఒక్కో మెట్టు దిగుతాం, ఆఖరి స్వరానికి కింద గచ్చు మీద ఉండాలి. చెయ్యి పట్టుకునే దింపండి చిన్నవాళ్ళని. ఐజాక్ వాట్స్ 1719లో దీన్ని 98వ కీర్తన ఆధారంగా రాశారు, బైబిల్ తీసి ఆ కీర్తన చదివితే నదులు చప్పట్లు కొట్టడం, కొండలు ఉత్సాహంగా పాడడం అన్నీ కనిపిస్తాయి, మా పిల్లలకి కొండ అంటే మహేంద్రగిరి, నది అంటే మహేంద్రతనయ, ఇంక బొమ్మ చూపించక్కర్లేదు వాళ్ళకి. పుస్తకంలో ఆ పేజీకి వేసిన బొమ్మ మాత్రం ఏదో ఎర్ర బంతులు, రిబ్బన్లు, పాటకి సంబంధమే లేదు.

డెక్ ది హాల్స్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, ఫ ల ల ల ల అని వచ్చే చోటు ఉంది కదా, మాటలింకా రాని పిల్లలకి అది వరం, అర్థం ఉన్న మాట ఒక్కటీ పలకక్కర్లేకుండా పాటలో కలిసిపోవచ్చు. వేల్స్ దేశపు పాత ట్యూన్ అది.

వి విష్ యూ బటన్ మా ఇంట్లో పిండివంటల బటన్. ఇంగ్లీషు పాటలో ఏదో పుడ్డింగ్ పెట్టమని అడుగుతారు, పెట్టేదాకా కదలం అని గుమ్మంలో భీష్మించుకుంటారు, ట్యూన్‌లో మాటలు లేవు కాబట్టి మా పెద్దాడు అక్కడ అరిసెలు పెట్టాడు. మాఉసీ వాళ్ళ మనవడు ఆరిసా పిఠా పెట్టాడు, రెండూ ఒకటే వంట, ఇద్దరూ మాదే కరెక్ట్ అని కొట్టుకుని మళ్ళీ కలిసే పాడారు. డిసెంబర్లో రాత్రిళ్ళు మంకీ క్యాపులు పెట్టుకుని ఇంటింటికీ క్యారల్స్‌కి వెళ్ళినప్పుడు ఆఖర్న పాడేది ఇదే కాబట్టి పిల్లలకి ఇది ముందే వచ్చి ఉంటే పెద్ద గుంపులో బెదరకుండా గొంతు కలుపుతారు. పోయిన క్రిస్మస్‌కి మా పెద్దాడు చలికి ముడుచుకుపోయి నా చున్నీలో దాక్కున్నవాడు ఈ పాట రాగానే ముందుకెళ్ళి నిలబడ్డాడు.

ఆరోది అవే ఇన్ ఎ మేంజర్. ఇక్కడ కొనేవాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి. ఈ పాటకి ప్రచారంలో ఉన్న ట్యూన్లు రెండు, పుస్తకంలో ఉన్నది అమెరికాలో ఎక్కువ పాడేది, మా చర్చిలో పాత తరంవాళ్ళు పాడేది విలియం కిర్క్‌పాట్రిక్ 1895లో కట్టిన రెండోది. అందుకని మా అత్తగారు పాడుతుంటే పుస్తకం ఒక దారి, ఆవిడ ఒక దారి. మీ చర్చిలో ఏది పాడతారో ఆ ట్యూన్ ఉందో లేదో షాపులోనే బటన్ నొక్కి వినండి. బొమ్మ మటుకు ఈ పేజీకి చాలా బాగుంది, పశువుల పాక, గడ్డి, తొట్టి, ఆవు. మా వీధిలో పిల్లలకి ఆవుల శాల రోజూ కనిపించేదే, తొట్టిలో బిడ్డని పడుకోబెట్టారంటే గడ్డి గుచ్చుకోదా అని అడిగింది సండే స్కూల్లో ఒక పాప, ఆ ప్రశ్న దగ్గర ఆ రోజు పాఠమంతా నడిచిపోయింది.

రుడాల్ఫ్ పాట ఉందా అని చాలామంది అడిగారు నన్ను. లేదు. అది 1949 పాట, ఇంకా హక్కులు ఉన్న పాట, ఇందులో ఉన్నవన్నీ ఎవరి హక్కులూ లేని పాతవి. నాకు ఆ లోటు లోటుగా అనిపించలేదు.

నాకు లోటుగా అనిపించింది మన పాటలు. రారె చూతము లాంటి పాట పల్లవి ఒక్కటి ట్యూన్‌గా పెట్టి ఉంటే ఎంత బాగుండేది, చప్పట్లకి ఎంత బాగుంటుంది అది, తాళాలు, డప్పు పడితే మూడేళ్ళ గుంటలు కూడా గుండ్రంగా తిరిగి ఎగురుతారు. తెలుగు క్రైస్తవ కీర్తనలు ఇన్ని రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టింది మా పర్లాకిమిడి తాలూకాలోనే, అలాంటి ఊళ్ళో పెరిగే పిల్లల చేతిలో ఒక్క తెలుగు ట్యూన్ ఉన్న బటన్ పుస్తకం కూడా లేకపోవడం నాకు బాధగా ఉంది. బరంపురంలో అడిగాం, శ్రీకాకుళంలో అడిగాం, షాపులవాళ్ళు ఇంగ్లీషువే చూపించారు. ఎవరైనా బొమ్మల తయారీలో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే దయచేసి ఆలోచించండి, ఆరు బటన్లలో రెండు మన కీర్తనలు పెట్టినా మా వైపు చర్చిల్లో సండే స్కూల్ టీచర్లందరూ కొంటారు. గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకి పైగా క్రైస్తవులే, కొనేవాళ్ళు లేక కాదు.

అందాకా నేను చేస్తున్నదేంటంటే సండే స్కూల్ చిన్నపిల్లల క్లాసులో ఈ పుస్తకంతో మొదలుపెట్టి తెలుగు పాటతో ముగిస్తున్నాను. జింగిల్ బెల్స్‌కి మువ్వలు, జాయ్‌కి మెట్లు, తర్వాత పుస్తకం బీరువాలో పెట్టీసి చింతలేదిక పాట నోటితోనే, లైను నేనంటే లైను వాళ్ళు. బటన్ వల్ల అప్పటికే గొంతులు తెరుచుకుని ఉంటాయి, సిగ్గుపడే పిల్లలు కూడా పాడీస్తున్నారు. మీ ఇంట్లో అయితే రోజూ ఒకటి రెండు బటన్లు చాలు, ఆరూ ఒకేసారి నొక్కించకండి, గుంటలు నొక్కుడు ఆటలో పడిపోతారు, పాట వెనకబడిపోతుంది.

ఇంక సౌండ్ సంగతి. చెవి దగ్గర పెట్టుకుంటే బాగా గట్టిగా ఉంది, పిల్లలు సరిగ్గా అక్కడే పెట్టుకుంటారు. స్పీకర్ చిల్లుల మీద సెల్లో టేప్ రెండు పొరలు అతికించాను, ఇప్పుడు సరిపోయింది, ఆ కీచుదనం కూడా కొంచెం తగ్గింది.

బ్యాటరీల దగ్గర మాత్రం దయచేసి జాగ్రత్త. లోపల ఉండేవి బిళ్ళ బ్యాటరీలు, మూత స్క్రూతో బిగించి ఉండాలి, గోరుతో ఊడి వచ్చేదైతే ఎంత చవకైనా ఇంటికి తేకండి. ఈ బిళ్ళ మింగితే గొంతు దిగాక అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు, రూపాయి బిళ్ళంత ఉండే లిథియం బ్యాటరీలు అయితే ఇంకా ప్రమాదం. మింగారని అనుమానం వచ్చినా సరే, దగ్గు వస్తుందా నొప్పి ఉందా అని చూస్తూ కూర్చోకండి, వాంతి చేయించకండి, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మాలాగ కొండల వైపు ఉండేవాళ్ళకి ఆసుపత్రికి వెళ్ళే టైమే ఎక్కువ కాబట్టి ముందు జాగ్రత్తే ముఖ్యం. బ్యాటరీ మార్చేటప్పుడు పాతవి నేల మీద పెట్టకండి, టేప్ చుట్టి ఎత్తుగా పెట్టీయండి. మన దేశంలో పిల్లల బొమ్మలకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అట్ట వెనకాల ఆ గుర్తు చూసి మరీ కొనండి.

ఎక్కడ కొనాలి అంటే, షాపులో. మాది మా మావయ్య బరంపురం నుంచి తెచ్చాడు, ఇప్పటికీ బాగానే ఉంది. పాతపట్నంలో ఉండే మా అప్ప ఇలాంటిదే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది, వచ్చేసరికి నాలుగో బటన్ పలకలేదు, మార్చమని అడిగితే తిప్పి తిప్పి క్రిస్మస్ దాటాక మార్చారు. జనవరిలో వస్తే ఏం లాభం, వాళ్ళ పిల్లలు పండగంతా మా పుస్తకం మీదే గడిపారు. పైగా ఆన్‌లైన్‌లో ట్యూన్ ఏదో వినలేరు, మూత స్క్రూ ఉందో లేదో ఫొటోలో కనపడదు.

ఆర్నెల్ల పాప నుంచి ఆరేళ్ళ పిల్లల దాకా ఉన్న ఇంటికి ఇది బావుంటుంది, ఆరేళ్ళు దాటినవాళ్ళకి ఆ అరనిమిషం ట్యూన్లు చాలవు, వాళ్ళకి కీర్తనల పుస్తకం, ఒక చిన్న కీబోర్డు ఇవ్వండి. నా లెక్కలో అయిదుకి నాలుగు స్టార్లు, స్పీడుకి అర, మన పాటలు లేనందుకు అర తగ్గించాను. మావయ్య ఈ వారం మళ్ళీ బరంపురం వెళ్తున్నాడు, సెరంగో అమ్మాయి వాళ్ళ ఊళ్ళో తమ్ముళ్ళకి ఒకటి కావాలంది, షాపులోనే ఆరు బటన్లూ నొక్కి విని తెమ్మని చెప్పాను.